క్యాబినెట్‌కి వోల్టేజ్ మీటరు: రెండు వైర్లదా, మూడు వైర్లదా, ముల్లుదా, నానోనా?

డెస్క్‌టాప్ క్యాబినెట్ ముందు, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చే డీసీగా మార్చే డబ్బా) ఇచ్చే 12, 5, 3.3 వోల్టుల లైన్లు అంకెల్లో కనిపించేలా మీటర్లు బిగించుకోవడం కష్టమైన పని కాదు. సామానంతా కలిపి ఐదారు వందల్లో తేలుతుంది. సోల్డరింగ్ చేతనైనవాళ్ళకి ఒక ఆదివారం సరిపోతుంది. తేడా వచ్చేది మీటరు ఎంపిక దగ్గరే. వంద రూపాయల మీటర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఒకటి 3.3 వోల్టుల దగ్గర వెలగదు, ఇంకొకటి పన్నెండు దగ్గర ఒకే ఒక్క దశాంశం చూపిస్తుంది, మరొకటి తన సప్లైనే కొలబద్దగా పెట్టుకుని, లైన్ పడినా అంతా సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది.

తొందరలో ఉన్నవాళ్ళకి జవాబు ఇది. మూడు లైన్లూ చూడాలంటే మూడు వైర్ల, నాలుగంకెల ఎల్ఈడీ మీటర్లు మూడు కొనండి, మూడింటికీ సప్లై 5 వోల్టుల లైన్ నుంచే ఇవ్వండి. 12 ఒక్కటే చాలనుకుంటే రెండు వైర్ల మీటరు ఒకటి చాలు. రీడింగులు దాచుకుని రేపు చూసుకోవాలనుకుంటే ఆర్డుయినో నానో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు). ముల్లు మీటరు అందానికే.

మీటరు ఏం చెప్పదు

కొనే ముందు ఈ సంగతి తెలియాలి. భీమవరం, ఆకివీడు, ఉండి వైపు రాత్రి చెరువుల మీద ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు) తిరిగే వేళకి ట్యూబులైటు మసకబారే ఊళ్ళు చాలానే ఉన్నాయి. క్యాబినెట్‌కి మీటరు పెడితే లో వోల్టేజ్ ఎప్పుడొచ్చిందో తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. తెలియదు. ఎస్ఎంపీఎస్ పనే అది: గోడలో 230 ఉన్నా 190కి పడినా బయటికి 12 ఇస్తూనే ఉంటుంది. తన వల్ల కానంత తగ్గితే ఒక్కసారిగా ఆగిపోతుంది. మీటరు మీద 12.1 కనిపిస్తూ ఉండగానే చీకటవుతుంది, మధ్యలో 11, 10, 9 అని మెట్లు దిగడం కనిపించదు. గోడ కరెంటు చూడాలంటే ఏసీ మీటరు వేరే. దాని గురించి చివర్లో.

రెండోది రిపుల్, అంటే డీసీ మీద మిగిలిపోయే చిన్న అల. ఈ మీటర్లు సెకనుకి రెండు మూడుసార్లు అంకె మారుస్తాయి, చూపించేది సగటు. కెపాసిటర్లు ఉబ్బిపోయిన ఎస్ఎంపీఎస్‌లో 12 లైన్ మీద వందల మిల్లీవోల్టుల అల ఆడుతున్నా మీటరు నిదానంగా 12.0 అనే అంటుంది. డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్‌లకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 లైన్ మీద ఆ అల 120 మిల్లీవోల్టులు, 5, 3.3 లైన్ల మీద 50 మిల్లీవోల్టులు దాటకూడదు. అది చూడాలంటే ఆసిలోస్కోపే దిక్కు. మీటరు బాగానే ఉంది కాబట్టి ఎస్ఎంపీఎస్ కూడా బాగున్నట్టే అనుకోవద్దు.

మరి మీటరు దేనికి? లోడు పడ్డప్పుడు లైన్ ఎంత కుంగుతోందో కళ్ళ ముందు కనబడుతుంది. గేమ్ మొదలైన క్షణంలో 12.10 కాస్తా 11.95కి దిగి అక్కడే నిలబడితే పర్వాలేదు. పాత రకం చవక ఎస్ఎంపీఎస్‌లలో 12, 5 లైన్లు రెండూ ఒకే సర్దుబాటు మీద నడుస్తాయి. గ్రాఫిక్స్ కార్డు 12ని లాగేకొద్దీ 12 అంకె 11.6 వైపు జారుతుంటే పక్కనే 5 అంకె 5.15, 5.20 అని పైకి ఎక్కుతుంది. ఒకటి దిగుతుంటే రెండోది ఎక్కడం కనిపించిందంటే ఆ ఎస్ఎంపీఎస్‌కి ఆ లోడు ఎక్కువైందని అర్థం. మూడు మీటర్లు పక్కపక్కన ఉంటేనే ఈ సంగతి దొరుకుతుంది. ఒక్క మీటరుతో సరిపెట్టుకోవద్దని చెప్పడానికి మొదటి కారణం ఇదే.

హద్దులు గుర్తుపెట్టుకోండి. 12 లైన్ 11.40 నుంచి 12.60, 5 లైన్ 4.75 నుంచి 5.25, 3.3 లైన్ 3.14 నుంచి 3.47. అంటే అటూ ఇటూ ఐదు శాతం.

రెండు వైర్లదా, మూడు వైర్లదా

రెండు వైర్ల మీటరు కొలిచే లైన్ నుంచే తన కరెంటు కూడా తీసుకుంటుంది. ఎరుపు ప్లస్, నలుపు గ్రౌండ్, అంతే. 12 మీద హాయిగా పనిచేస్తుంది, 5 మీద కూడా చేస్తుంది. చిక్కు 3.3 దగ్గర. 2.5 వోల్టుల నుంచి పనిచేస్తుందని రాసినవి వెలుగుతాయి గానీ అంకెలు మసగ్గా ఉంటాయి. 4.5 నుంచి అని రాసినవి అసలు వెలగవు. అమలాపురం, పాలకొల్లు లాంటి చోట్ల ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో బండి బ్యాటరీకని అమ్మేవి చాలావరకు ఈ రెండో రకమే. 12 లైన్‌కి అవి సరిపోతాయి, 3.3కి కొనకండి.

మూడు వైర్ల మీటరులో సప్లై వేరు, కొలత వేరు. ఎరుపు సప్లై, నలుపు గ్రౌండ్, పసుపు లేదా తెలుపు కొలిచే వైరు. కొలత సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 3.3ని 12లాగే కాంతిగా చూపిస్తుంది. కొలిచే వైరులో కరెంటు దాదాపు ప్రవహించదు, అందుకే వైరు సన్నగా ఉన్నా, కాస్త పొడవైనా రీడింగు చెడదు. మూడింటికీ సప్లై ఒక్కచోట నుంచే వస్తుంది కాబట్టి వెలుగు కూడా ఒకేలా ఉంటుంది. ధరలో తేడా మీటరుకి పాతిక ముప్ఫై రూపాయలు. ఆ పాతిక దగ్గర వెనకాడితే తరవాత అంతకు పదింతల సమయం పోతుంది.

ఇక అంకెల సంఖ్య. మూడంకెల మీటరు 10 దాటగానే ఒకే దశాంశం చూపిస్తుంది: 12.0, 12.1, 12.2. దాని ఖచ్చితత్వం ఒక శాతం అని రాస్తారు, చివరి అంకె అటూ ఇటూ ఆడటం దానికి అదనం. రెండూ కలిపితే 12 దగ్గర తేడా 0.2 వోల్టుల పైనే. హద్దు 11.4 అయినప్పుడు మీటరు 11.5 చూపిస్తే నిజంగా 11.3 ఉండొచ్చు, 11.7 కూడా ఉండొచ్చు. ఆ రీడింగుతో ఏ నిర్ణయమూ చేయలేం. నాలుగంకెలది 12.08 అని చూపిస్తుంది, వెనక చిన్న ప్రీసెట్ స్క్రూ ఉంటే మల్టీమీటరుతో సరిచేసుకోవచ్చు. 5, 3.3 లైన్లకి మూడంకెలదీ చాలు, 5.03 అని రెండు దశాంశాలు వస్తాయి. ఐదంకెలవి కూడా దొరుకుతాయి, కానీ చివరి అంకె ఊరికే గెంతుతూ ఉంటుంది, కంటికి శ్రమ.

రంగుల్లో ఎరుపు, ఆకుపచ్చ తీసుకోండి. నీలం, తెలుపు రాత్రిపూట కళ్ళలో పొడుస్తాయి. వెలుగు తగ్గించాలని రెండు వైర్ల మీటరు ప్లస్‌లో రెసిస్టర్ పెట్టారా, రీడింగు కూడా తగ్గిపోతుంది, ఎందుకంటే అది కొలిచేది రెసిస్టర్ తరవాత మిగిలిన వోల్టేజ్‌నే. ముందు ముదురు ఫిల్మ్ ముక్క అంటించడమే సరైన దారి.

ముల్లు మీటరు

నల్ల డయల్ మీద ముల్లు కదలడం నిజంగా అందంగా ఉంటుంది. కానీ లెక్క చూడండి. మార్కెట్లో తేలిగ్గా దొరికే 0–15 వోల్టుల డీసీ మీటరు సాధారణంగా 2.5 తరగతి. ఆ 2.5 శాతం పూర్తి స్కేలు మీద, అంటే ముల్లు ఎక్కడున్నా 0.375 వోల్టుల తేడా ఉండొచ్చు. 12కి మనకున్న హద్దే 0.6. ఇక 5 లైన్‌కి 0–10 మీటరు పెడితే తేడా 0.25, సరిగ్గా హద్దంత. 3.3 సంగతి చెప్పనక్కర్లేదు. 12కి ఒకటి పెట్టుకుని, లోడు పడ్డప్పుడు ముల్లు వంగడం చూసి ఆనందించండి. నిటారుగా ఉండే ముఖానికే బిగించండి. పైకప్పు మీద పడుకోబెడితే సున్నా జరుగుతుంది.

ఆర్డుయినో నానో, చిన్న ఓఎల్ఈడీ తెర

మూడు లైన్లూ ఒకే తెర మీద, కనిష్ఠం గరిష్ఠం గుర్తుంచుకుంటూ, కావాలంటే కంప్యూటర్‌లో ఫైలుగా. పనితనంలో దీన్ని మించింది లేదు. కాకపోతే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, కొత్తగా చేసేవాళ్ళలో చాలామంది దాంట్లోనే పడతారు. నానో మామూలుగా తన 5 వోల్టుల సప్లైనే కొలబద్దగా తీసుకుంటుంది. ఆ సప్లై కంప్యూటర్ 5 లైన్ నుంచే వస్తే, 5 లైన్ 4.7కి పడినా నానో దాన్ని 5.00 అనే చదువుతుంది, ఎందుకంటే కొలబద్ద కూడా అంతే కుంచించుకుపోయింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో 12 లైన్ పెరిగినట్టు చూపిస్తుంది.

విరుగుడు ఏడీఎస్1115 మాడ్యూల్. ఇది 16 బిట్ల కొలత, కొలబద్ద దానిలోపలే ఉంటుంది. 4.096 వోల్టుల రేంజిలో పెట్టండి. 12 లైన్‌కి పైన 30 కిలోఓమ్, కింద 10 కిలోఓమ్ రెసిస్టర్లు, అంటే 12కి 3.00 వోల్టులు వస్తాయి. 5 లైన్‌కి 10, 10 కిలోఓమ్‌లు, 2.50 వస్తుంది. 3.3 లైన్‌ని 1 కిలోఓమ్ గుండా నేరుగా ఇవ్వచ్చు. రెసిస్టర్లు ఒక శాతం మెటల్ ఫిల్మ్‌వి, కింది రెసిస్టర్‌కి అడ్డంగా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్. రెసిస్టర్ల తేడాని ప్రోగ్రాములో ఒక గుణకంతో సరిచేసుకోవాలి: మల్టీమీటరు 12.06 చూపిస్తూ తెర 11.94 అంటే, గుణకం 12.06ని 11.94తో భాగిస్తే వచ్చేది.

రెండో జాగ్రత్త. నానోకి మదర్‌బోర్డు యూఎస్‌బీ నుంచీ, మోలెక్స్ (ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు వైర్ల కనెక్టరు) ఎరుపు వైరు నుంచీ ఒకేసారి 5 ఇవ్వకండి. కంప్యూటర్ ఆపినా చాలా బోర్డుల్లో యూఎస్‌బీకి స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. అది నానో గుండా ఎదురు నడిచి ఆగిపోయిన ఎరుపు లైన్‌లోకి ఎక్కుతుంది. ఫ్యాన్ లైట్లు దెయ్యంలా మిణుకుమంటున్నాయంటే కారణం అదే. యూఎస్‌బీ ఒక్కటే చాలు, మోలెక్స్ నుంచి కొలిచే వైర్లు, గ్రౌండ్ మాత్రం తీసుకోండి.

ప్రోగ్రాం రాయడం, లైబ్రరీలు వెతకడం ఇష్టమున్నవాళ్ళకే ఇది. లేకపోతే సగంలో ఆగిపోయి డబ్బాలో మూలపడుతుంది.

మీటరే కొనకుండా హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్‌తో చూసుకోవచ్చు కదా అంటే చూసుకోవచ్చు. మదర్‌బోర్డు మీద ఉన్న చిప్పే ఆ అంకెలిస్తుంది. రెసిస్టర్ల లెక్క సాఫ్ట్‌వేర్‌కి తెలియని బోర్డుల్లో 12 కాస్తా 8 అనో 10.5 అనో కనిపించి కంగారు పెడుతుంది. బయోస్‌లోని అంకెతో పోల్చి చూసి నమ్మండి.

కరెంటు ఎక్కడ నుంచి తీసుకోవాలి

ఎస్ఎంపీఎస్ వైర్లు కోయకండి. మోలెక్స్ వై కేబుల్ ఒకటి కొని దాని ఒక కొసని కోసుకోండి. పసుపు 12, ఎరుపు 5, రెండు నలుపులూ గ్రౌండ్. మోలెక్స్‌లో 3.3 ఉండదు. దానికి సాటా పవర్ పొడిగింపు కేబుల్ కావాలి, అందులో ఐదు వైర్లు ఉండాలి, నారింజ రంగుది 3.3. నాలుగు వైర్లే ఉంటే నారింజ లేనట్టే. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే కేబుళ్ళలో అది రాదు. కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లు సాటాకి 3.3 ఇవ్వడమే మానేశాయి, అలాంటప్పుడు మదర్‌బోర్డుకి వెళ్ళే 24 పిన్నుల పొడిగింపు కేబుల్ కొని దానిలోని నారింజ వైరు నుంచి తీసుకోవాలి. 24 పిన్నుల కనెక్టరులో 13వ పిన్ను దగ్గర నారింజతో పాటు సన్నని గోధుమరంగు వైరు ఉంటే దాని జోలికి పోవద్దు. 3.3 ఎంత ఉందో ఎస్ఎంపీఎస్ ఆ వైరు ద్వారానే చూసుకుని సరిచేసుకుంటుంది.

మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌ల (కేబుళ్ళు ఊడదీసుకునే రకం) కేబుళ్ళు చాలావరకు అన్నీ నల్లగానే ఉంటాయి. రంగు ఊహించుకోకుండా మల్టీమీటరు పెట్టి గుర్తులు కట్టండి. వేరే కంపెనీ మాడ్యులర్ కేబుల్ పట్టిందని పెట్టేయకండి. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, 5 ఉండాల్సిన చోట 12 వచ్చి హార్డ్ డిస్కు పోతుంది.

ఏ కొసలో కొలుస్తారన్నదీ ముఖ్యమే. ఎస్ఎంపీఎస్‌లో వాడే 18 గేజి వైరు అరమీటరుకి సుమారు 10 మిల్లీఓమ్‌లు. దానిలో 5 ఆంపులు పోతే 50 మిల్లీవోల్టులు పసుపులో, మరో 50 నలుపులో పోతాయి. హార్డ్ డిస్కులూ ఫ్యాన్లూ ఉన్న వరసలోనే మీటరు పెడితే ఆ వరస నష్టాన్ని కూడా చూపిస్తుంది. ఖాళీగా ఉన్న వరసలో పెడితే ఎస్ఎంపీఎస్ మొదలు దగ్గర ఉన్న వోల్టేజ్ చూపిస్తుంది. ఖాళీ వరసే మంచిది.

ఫ్యూజు విషయంలో రాజీ వద్దు. 12 లైన్ ముప్ఫై నలభై ఆంపులు ఇవ్వగలదు. మీటరు సన్న వైరు ఇన్సులేషన్ రేకు అంచుకి కోసుకుని షార్టయితే ఎస్ఎంపీఎస్ దాన్ని మామూలు లోడే అనుకోవచ్చు, వైరు కాలి పొగ వస్తుంది. రెండు వైర్ల మీటరైతే ప్లస్ వైరులో, కనెక్టరుకి దగ్గరగా, 500 మిల్లీఆంపుల గాజు ఫ్యూజు. మూడు వైర్ల మీటర్లయితే సప్లైకి ఒక 250 మిల్లీఆంపుల ఫ్యూజు చాలు, మూడు మీటర్లూ కలిపి తీసుకునేది అరవై మిల్లీఆంపుల చుట్టుపక్కలే. కొలిచే వైర్లకి ఫ్యూజు బదులు పావు వాట్ రెసిస్టర్లు, అవి కూడా కనెక్టరు దగ్గరే: 12కి 1 కిలోఓమ్, 5కి 220 ఓమ్, 3.3కి 100 ఓమ్. పూర్తిగా షార్టయినా వాటిలో 0.15 వాట్ దాటదు, ఏదీ కాలదు. 1 కిలోఓమ్ వల్ల 12 రీడింగు ఒక శాతం దాకా తగ్గొచ్చు, ప్రీసెట్‌తో సరిపోతుంది. 12కి కూడా 100 ఓమే పెడితే షార్టయినప్పుడు దాని మీద 1.4 వాట్లు పడి అది మాడుతుంది.

ఊదారంగు 5 వోల్టుల స్టాండ్‌బై వైరుకి మీటరు పెడితే కంప్యూటర్ ఆపినా రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాని జబ్బు పట్టుకోవడానికి తప్ప అవసరం లేదు. నీలం వైరు మైనస్ 12కి కూడా మీటరు అవసరం లేదు.

బిగింపు

పాత క్యాబినెట్లలో సీడీ డ్రైవు గది మూత ఉంటుంది, ప్లాస్టిక్‌ది, కోయడం సుఖం. కానీ ఆ గది వెడల్పు 146 మి.మీ. ఫ్రేముతో వచ్చే 0.56 అంగుళాల మీటరు ముఖం 48×29 మి.మీ. ఉంటుంది, మూడు పక్కపక్కన పెడితే 144. కాగితం మీద పట్టింది కదా అనిపిస్తుంది గానీ మూత వెనక రెండు పక్కలా క్లిప్పులుంటాయి, మీటర్ల పొట్ట వాటికి తగులుతుంది. ఫ్రేము లేని 0.36 అంగుళాల బోర్డులు కొని, మూతకి మూడు కిటికీలు కోసి, వెనక నుంచి 2 మి.మీ. యాక్రిలిక్ పట్టీతో నొక్కి స్క్రూలు వేయడం తేలిక. హాట్ గ్లూని నమ్మకండి. మే నెల ఎండలకి క్యాబినెట్ లోపల వేడికి అది మెత్తబడి మీటరు లోపలికి జారుతుంది.

కొత్త క్యాబినెట్లకి ఆ గదే ఉండదు. ముందు జాలీ, పక్కన గాజు. అక్కడ ఎస్ఎంపీఎస్ మీద కప్పే రేకు పక్కభాగం సరైన చోటు, గాజులోంచి కనిపిస్తుంది. రేకు కోసేటప్పుడు మదర్‌బోర్డు సహా అన్నీ బయటికి తీసేయండి. డ్రిల్లు, ఆకురాయి వాడాక రాలిన ఇనప రజను కంటికి కనిపించదు, ర్యామ్ స్లాటులో చేరిందంటే చూడ్డం అసాధ్యం. ఊదితే పోదు. పాత స్పీకరు అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి మూలమూలలా తిప్పండి, గుడ్డ బయట నల్లగా ముళ్ళలా నిలబడుతుంది. గుడ్డ విప్పి దులిపి మళ్ళీ తిప్పండి, ఏమీ అంటనంతవరకు. కోసిన అంచుకి ఆరోజే రంగు వేయండి, లేకపోతే మన గాలికి వారంలో తుప్పు.

ఆ గాలి మీటర్లనీ వదలదు. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో సోల్డరింగ్ తరవాత మిగిలిన ఫ్లక్స్ తేమ పీల్చుకుని రాగి మీద పచ్చగా చిలుము కడుతుంది. టంకం పెట్టాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. మీటరు సరిచూసుకున్నాక బోర్డు వెనక సర్క్యూట్ మీద పూసే లక్కర్ గానీ, రంగులేని గోళ్ళరంగు గానీ ఒక పూత. ప్రీసెట్ స్క్రూ మీద ఒక్క చుక్క మాత్రమే, పక్కన. లోపలికి దిగితే కాంటాక్టు పోతుంది. ఈ పూత లేని మీటరు 12.08 నుంచి మెల్లగా 12.3కి ఎక్కితే ఎస్ఎంపీఎస్‌ని అనుమానించకండి, ముందు ప్రీసెట్‌ని అనుమానించండి.

సరిచూసుకోవడం, ఎర్త్, ఏసీ మీటరు

సరిచూసేటప్పుడు మల్టీమీటరు సూదులు మీటరు వైర్లు కలిసే కనెక్టరు దగ్గరే పెట్టాలి, వేరేచోట కాదు. మల్టీమీటరు బ్యాటరీ గుర్తు వెలుగుతుంటే ముందు బ్యాటరీ మార్చండి. బ్యాటరీ నీరసించిన చవక మల్టీమీటర్లు ఎక్కువ చూపిస్తాయి, దాన్ని నమ్మి ప్రీసెట్ తిప్పితే మూడు మీటర్లూ తప్పుతాయి.

పనికి ముందు ప్లగ్గు తీసేసి పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జి దిగిపోతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పకండి.

క్యాబినెట్ రేకు ముట్టుకుంటే జిమ్మంటోందా? ఇంటి మూడో పిన్నుకి ఎర్త్ లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ ఇన్‌పుట్ ఫిల్టరు కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని క్యాబినెట్ మీద దాదాపు 115 వోల్టులు తేలుతుంటాయి. మీటరు బిగించే పనికంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించండి. మల్టీమీటరుని ఏసీ రేంజిలో పెట్టి చూస్తే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి.

గోడ కరెంటు చూడాలన్న కోరికకి ఇండికేటర్ లైటులా గుండ్రంగా ఉండే 22 మి.మీ. ఏసీ మీటరు ఉంది, 60 నుంచి 500 వోల్టుల దాకా చూపిస్తుంది. దాన్ని క్యాబినెట్ ముందు పెట్టాలని మాత్రం అనుకోవద్దు. 230 వోల్టుల వైర్లు మదర్‌బోర్డు పక్క నుంచి, చేతులు పెట్టే చోట పోకూడదు. స్విచ్ బోర్డులో కంప్యూటర్ సాకెట్టు పక్కన పెట్టించండి, లేదా సాకెట్టులో గుచ్చే రకం కొనండి. ఎస్ఎంపీఎస్ స్టిక్కరు మీద ఇన్‌పుట్ 100–240 అని ఉంటే 170 దగ్గర కూడా నిశ్చింతగా ఉండొచ్చు. 200–240 అని ఉంటే ఏసీ మీటరు 190 కిందికి రోజూ వస్తున్న ఇంట్లో మీటర్ల మీద పెట్టే డబ్బుని ముందు స్టెబిలైజర్ మీదో, ఎస్ఎంపీఎస్ మార్చడం మీదో పెట్టండి.

అన్నీ బిగించాక రీడింగులు రెండుసార్లు రాసి క్యాబినెట్ పక్కరేకు లోపల అంటించండి: ఖాళీగా ఉన్నప్పుడు మూడు అంకెలు, గేమో వీడియో ఎడిటింగో అరగంట నడిచాక మూడు అంకెలు, తేదీతో. ఏడాది తరవాత అదే పని నడుపుతూ చూస్తే 12 లైన్ ముందుకంటే 0.2 ఎక్కువ కుంగుతోందనుకోండి, మల్టీమీటరుతో మరోసారి చూసి, కనెక్టరు పిన్నులు నల్లబడ్డాయేమో చూసి, అవి బాగుంటే ఎస్ఎంపీఎస్ కొనడానికి డబ్బు పక్కన పెట్టుకోండి.